గరిటె, చెంబు, చేట: కరవు నేలపై పసివారి ఆటల చరిత్ర



అనంతపురం జిల్లాలో ఉరవకొండకు, బళ్ళారి సరిహద్దుకు చేరువలో విడపనకల్లు ఉన్నది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొద్ది వాన కూడా అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. ఈ ప్రాంతంలో ఒక ఇంటి అరుగు మీద నేను చూసిన దృశ్యంతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను. పది నెలల పిల్లవాడు కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. ముందు ఒక సత్తు గిన్నె, ఒక చెంబు, ఒక కొయ్య గరిటె. గరిటెతో గిన్నెను కొట్టి, ఆ శబ్దానికి తానే ఉలిక్కిపడి, అవ్వ ముఖంలోకి చూసి, నవ్వి, మళ్ళీ కొట్టేవాడు. పక్కనే చేటలో కొర్రలు చెరుగుతున్న అవ్వ నాతో ఇలా అన్నది: "రెండు బోకులు ముందరేస్తే సాలు సార్, పొద్దుగూకులూ ఆడుకుంటాడు."

ఆ మాటలో పేదరికం గురించిన నొచ్చుకోలు కొంత ఉన్నది. బొమ్మలు కొనలేకపోయామన్న సిగ్గు కొంత ఉన్నది. ఆ అవ్వ అంత నొచ్చుకోవలసిన పని లేదని ఆనాడు చెప్పలేకపోయాను. ఆమెకు చెప్పవలసిన సమాధానం వైద్యగ్రంథాలలో ఎంత ఉన్నదో, చరిత్రలోనూ అంతే ఉన్నది. దానిని ఈరోజు మీ ముందు ఉంచుతాను.

తవ్వకాలలో దొరికిన ఆటవస్తువులు

సుమారు 4500 సంవత్సరాల క్రితం సింధు నాగరికత పట్టణాలలో పిల్లలు దేనితో ఆడుకున్నారో మనకు తెలుసు. హరప్పా, మొహెంజోదారో తవ్వకాలలో కాల్చిన మట్టితో చేసిన చిన్న ఎడ్లబండ్లు, పిట్ట ఆకారపు ఈలలు, లోపల మట్టి గుళికలు పోసిన గిలకలు దొరికాయి. ఇంటి కుండలు కూడా ఆ మట్టితో చేసినవే. పెద్దలకు వంటపాత్రనిచ్చిన పదార్థమే పిల్లలకు ఆటవస్తువును కూడా ఇచ్చింది.

విడపనకల్లుకు మరింత దగ్గరలో, బళ్ళారి పట్టణం పక్కన సంగనకల్లు, కుప్పగల్లు కొండలు ఉన్నాయి. నవీన శిలాయుగపు మనుషులు అక్కడ పశువులను మేపుకొని జీవించారు. బండలపై ఎద్దుల బొమ్మలు చెక్కారు. ఆ కొండపై కొన్ని నల్లరాళ్ళను మరో రాతితో కొడితే గంటలా మోగుతాయి. వేల ఏళ్ళ నాడు పదేపదే కొట్టడం వల్ల ఏర్పడిన గుంటలు ఇప్పటికీ ఆ రాళ్ళపై కనబడతాయని పురావస్తు శాస్త్రజ్ఞులు వివరించారు. ఆ రాళ్ళను మోగించినది ఏ పూజ కోసమో, ఏ పండుగ కోసమో కావచ్చు. ఒక వస్తువును మరొక వస్తువుతో కొట్టి 'ఏమి పలుకుతుందో' వినాలన్న కుతూహలం మాత్రం అరుగు మీది పిల్లవాడిలోనూ ఉన్నది. పసివాడు గిన్నెను కొట్టినప్పుడు 'నేను ఇలా చేస్తే అలా జరుగుతుంది' అన్న కార్యకారణ సంబంధాన్ని నేర్చుకుంటున్నాడు. మనిషికి కలిగే తొలి శాస్త్రజ్ఞానం అదే.

మట్టిబండి, రోలు

మన సాహిత్యం కూడా ఈ విషయాన్ని గుర్తించింది. శూద్రకుని 'మృచ్ఛకటికం' అంటే మట్టిబండి అని అర్థం. ఆ నాటకంలో చారుదత్తుడు దానధర్మాలతో నిరుపేద అయిన వర్తకుడు. అతని చిన్న కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకొని వస్తాడు. దాసి రదనిక మట్టితో బండి చేసి ఇస్తే, బంగారు బండే కావాలని ఏడుస్తాడు. వసంతసేన తన నగలను ఒలిచి ఆ మట్టిబండిలో నింపుతుంది. ఆ నగలే తరువాత కథను మలుపు తిప్పుతాయి. వైద్యునిగా నాకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. మట్టిబండితో ఆ పిల్లవాడికి ఏ లోటూ లేదు. పొరుగింటి బంగారు బండిని చూసిన తరువాతనే లోటు పుట్టింది. నేటి తల్లిదండ్రులు దుకాణాల ముందు, ఫోను తెరల ముందు అనుభవిస్తున్న చిక్కు అంత పాతది.

పోతన భాగవతం దశమస్కంధంలో యశోద చిన్నికృష్ణుని రోటికి కట్టివేసిన కథ మీకు తెలిసినదే. అల్లరి మాన్పడానికి కట్టిన రోటిని ఈడ్చుకుంటూ పోయి మద్దిచెట్లను కూల్చాడు బాలుడు. వెన్నకుండ, కవ్వం, ఉట్టి, రోలు అన్నీ ఇంటి సామానే. ఆ బాలుని లీలలలో ఎన్నో వంటింటి చుట్టూనే తిరగడం యాదృచ్ఛికం కాదు. తల్లి చేతిలో ఉన్న వస్తువే పసివాడికి లోకంలో అన్నిటికంటే విలువైనది. అతనికి కొత్త గరిటె ఇచ్చి చూడండి. దానిని వదిలి మీరు కలుపుతున్న గరిటె కోసమే చేయి చాపుతాడు.

గింజలు లెక్కపెట్టిన చరిత్ర

ఇప్పుడు ఈ పీఠభూమి చరిత్రలోకి వద్దాం. అనంతపురం 1882లో ప్రత్యేక జిల్లా అయ్యింది. అంతకుముందు ఇది బళ్ళారి జిల్లాలో భాగం. 1876-78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిలో అత్యంత తీవ్రంగా పీడించిన జిల్లాలలో బళ్ళారి ఒకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలోని మగ కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న వైద్యుడు కార్నిష్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. పనిచేసే మనిషికి అది చాలదని వాదించాడు. ఆ కూలి తరువాత పెరిగింది. ప్రభుత్వంతో ఒక వైద్యుడు పోరాడి సాధించిన ఆ కొద్ది గింజలను నేను గౌరవంతో తలచుకుంటాను.

అయితే ఆనాటి నుంచి కరవు సీమలో బిడ్డల బాగోగులంటే గింజల లెక్కగానే మిగిలిపోయింది. అది సహజమే. ఆకలిగా ఉన్న బిడ్డకు ముందు అన్నం కావాలి. నేను కూడా ఉద్యోగకాలమంతా తల్లులను ఒకే ప్రశ్న అడిగాను: "ఏమి తినిపిస్తున్నావమ్మా?" బిడ్డను తూచాను, జబ్బ చుట్టుకొలత కొలిచాను, రాగిజావ గురించి, పప్పు గురించి, గుడ్డు గురించి చెప్పాను. "వీడితో ఎవరు ఆడుతున్నారు?" అని అడిగిన సందర్భాలు వేళ్ళమీద లెక్కించదగినవి. అది నా లోపం. దానిని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను అడగకపోయినా ఈ నేల పిల్లలు ఆడుతూనే ఉన్నారు. పంట కోతల తరువాత మిగిలిన జొన్నసొప్ప బెండును ముక్కలు చేసి, ఈనెలతో గుచ్చి ఎడ్లబండ్లు కట్టారు. చింతపిక్కలతో వామనగుంటలు, గులకరాళ్ళతో అచ్చనగాయలు ఆడారు. రెండు అగ్గిపెట్టెలకు దారం కట్టి ఫోను చేశారు. అరిగిన సైకిల్ టైరును కర్రతో దొర్లించుకుంటూ వీధుల వెంట పరుగెత్తారు. అంతకంటే చిన్నవారికి పాతచీర ఉయ్యాల, పడి, సేరు, మూతలు, చేట ఉండనే ఉన్నాయి. ఒకనాడు కొర్ర, జొన్న విస్తారంగా పండిన చేలను గత శతాబ్దం చివరి దశాబ్దాలలో వేరుశనగ ఆక్రమించింది. దానితో జొన్నసొప్ప తగ్గింది, బెండు బండ్లూ తగ్గాయి. పంట మారితే పిల్లల ఆటవస్తువు కూడా మారుతుందన్న మాట.

ఆకలి అన్నానికి మాత్రమే కాదు

పసివారి ఆటను వైద్యశాస్త్రం పట్టించుకోవడానికి కారణమైన వారిలో మారియా మాంటిస్సోరి ముఖ్యురాలు. ఆమె తొలుత వైద్యురాలు. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందింది. మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలను ఉంచిన ఒక ఆశ్రమంలో ఆమె చూసిన దృశ్యాన్ని జీవితచరిత్రకారులు చెబుతారు. భోజనం ముగియగానే ఆ పిల్లలు నేలమీద పడిన రొట్టె తునకల కోసం ఎగబడుతున్నారు. అక్కడి పరిచారిక దానిని తిండిపోతుతనమని అసహ్యించుకున్నది. మాంటిస్సోరి ఆ గదిని పరిశీలించింది. గోడలు, నేల తప్ప పిల్లలు పట్టుకోవడానికి అందులో ఒక్క వస్తువు కూడా లేదు. వారు ఆ తునకలను ఆటకోసం వెతుక్కుంటున్నారని, వారి చేతులు ఆకలితో ఉన్నాయని ఆమె గ్రహించింది.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదవాడలో ఆమె పిల్లల ఇల్లు తెరిచింది. అక్కడ నీళ్ళు ఒక పాత్రలోంచి మరొక పాత్రలోకి పోయడం, బల్ల తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం, గింజలు వేరుచేయడం వంటి ఇంటిపనులే పాఠాలయ్యాయి. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలమంతా భారతదేశంలోనే ఉండిపోయింది. ఇటలీ శత్రుదేశం కావడంతో కొంతకాలం నిర్బంధంలో కూడా ఉన్నది. అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ ఆమె నడిపిన శిక్షణ పొందిన ఉపాధ్యాయుల ద్వారానే ఈ పద్ధతి మన దేశంలో విస్తరించింది. నేడు 'మాంటిస్సోరి' అన్న పేరు ఖరీదైన బడుల బోర్డులపై కనిపిస్తుంది. పేదవాడలో గిన్నెలు, గింజలతో మొదలైన సంగతి మాత్రం మరుగున పడింది.

అదే దారిలో బ్రిటన్‌కు చెందిన ఎలినోర్ గోల్డ్‌ష్మీడ్ (1910-2009) మరొక అడుగు వేసింది. ఆమె రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇటలీలో పసిపిల్లల సంరక్షణాలయాలలో పనిచేసింది. కూర్చోగలిగి ఇంకా పాకలేని బిడ్డ ముందు ఒక బుట్ట పెట్టి, అందులో కొయ్య గరిటె, లోహపు మూత, కుంచె, నిమ్మకాయ, గుడ్డముక్క వంటి ఇంటి వస్తువులను ఉంచాలని చెప్పింది. దానికి ఆమె పెట్టిన పేరు 'నిధి బుట్ట'. పెద్దవారు పక్కనే నిశ్శబ్దంగా కూర్చోవాలి. బిడ్డ ఒక్కొక్కటి తీసి, తాకి, నోట పెట్టుకొని, బరువు చూసి, చల్లదనం చూసి ఎన్నుకుంటాడు. ప్లాస్టిక్ బొమ్మలన్నీ తాకడానికి ఒకేలా ఉంటాయి. ఇంటి వస్తువులు ఒక్కొక్కటీ ఒక్కో అనుభవాన్ని ఇస్తాయి. ఆ అరుగు మీది అవ్వ ఏ పుస్తకమూ చదవకుండానే అదే చేసింది.

హైదరాబాదు ప్రశ్న, కింగ్‌స్టన్ సమాధానం

ఇక ఈ వ్యాసానికి ప్రాణమైన విషయానికి వచ్చాను.

పోషకాహార పరిశోధనాలయం 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడ చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ అనే శాస్త్రజ్ఞులు 1968లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపు వయసులో క్వాషియార్కర్ అనే తీవ్ర మాంసకృత్తుల లోపానికి చికిత్స పొందిన 19 మంది పిల్లలను, వారు 8 నుంచి 11 ఏళ్ళ వయసుకు వచ్చాక తిరిగి పరీక్షించారు. ఒళ్ళు కోలుకున్నది కానీ తెలివితేటల పరీక్షలలో వారు తోటిపిల్లల కంటే వెనుకబడి ఉన్నారు. ఆకలి మెదడుపై కూడా గాయం చేస్తుందని మన తెలుగు గడ్డపైనే వెలువడిన హెచ్చరిక అది. తిండి పెట్టి బతికించిన బిడ్డ మనసును కూడా నిలబెట్టడం ఎలా అన్నది అక్కడ మిగిలిన ప్రశ్న.

దానికి బలమైన సమాధానం కరీబియన్ ద్వీపమైన జమైకా నుంచి వచ్చింది. రాజధాని కింగ్‌స్టన్ పేదవాడలలో 1986-87లో డాక్టర్ సాలీ గ్రాంథమ్ మెగ్రెగర్ బృందం, వయసుకు తగిన ఎత్తు పెరగని 129 మంది పిల్లలను ఎంచుకున్నది. వారి వయసు 9 నుంచి 24 నెలలు. పిల్లలను నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి పాలపొడి ఆధారిత అదనపు ఆహారం. మరొక వర్గానికి వారానికి ఒక గంట ఆట. మూడవ వర్గానికి రెండూ. నాలుగవ వర్గానికి మామూలు వైద్యసేవలు మాత్రమే. ఆట అంటే, స్థానిక ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి తల్లితో కలిసి కూర్చొని బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో చూపించేది. ఆటవస్తువులు కూడా పారవేసిన సీసాలు, అట్టముక్కలు వంటి వాటితో చేసినవే. వాటిని ఆ ఇంట్లో వదిలి, మళ్ళీ వచ్చినప్పుడు మార్చేవారు. ఇలా రెండేళ్ళు సాగింది.

1991లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆహారం మేలు చేసింది, ఆట కూడా మేలు చేసింది, రెండూ అందిన పిల్లలు అందరికంటే ఎక్కువ ముందుకు వెళ్ళారు. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యాక కూడా పరిశోధకులు వారిని వదలలేదు. 2014లో 'సైన్స్' పత్రికలో మరొక ఫలితం వచ్చింది. రెండు దశాబ్దాల తరువాత, పసితనంలో ఆట అందిన వర్గాలవారి సంపాదన అందనివారి కంటే 25 శాతం ఎక్కువగా ఉన్నది. అదనపు ఆహారం వల్ల కలిగిన మేలు ఒక్కటే అయితే అంతకాలం నిలవలేదు. దీనిని చూసి ఆహారం ముఖ్యం కాదని పొరపాటున కూడా అనుకోవద్దు. అన్నం లేనిదే ఆటకు ఓపిక ఉండదు. అన్నంతో పాటు ఆట కూడా బిడ్డకు పోషణే అన్నది ఇందులోని పాఠం.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లలలో సుమారు 31 శాతం వయసుకు తగిన ఎత్తు లేరు. కింగ్‌స్టన్ పరిశోధన ఎవరి కోసం జరిగిందో అలాంటి పిల్లలు మన వీధులలోనే ఉన్నారు. వాన రాకపోతే పంట రాదు, పంట రాకపోతే పప్పూ పాలూ తగ్గుతాయి. గిన్నె, గరిటె, పక్కన కూర్చున్న మనిషి మాత్రం వానతో నిమిత్తం లేకుండా ఇంట్లో ఉండగలవి.

అదే ఇంట్లో పొంచి ఉన్న ప్రమాదం

ఇంటి వస్తువులన్నీ ఆటవస్తువులు కావని కూడా చరిత్రే చెబుతున్నది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగర వైద్యుడు షెవాలియర్ జాక్సన్ (1865-1958) గొంతులో, శ్వాసనాళంలో ఇరుక్కున్న వస్తువులను గొట్టం ద్వారా బయటికి తీయడంలో ప్రసిద్ధుడు. ఆయన బయటికి తీసిన వస్తువులను భద్రపరిచాడు. పిన్నులు, బొత్తాలు, నాణేలు, ఎముకలు, గింజలు మొదలైన 2,374 వస్తువులు నేటికీ అక్కడి మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. ఇళ్ళలో శుభ్రతకు వాడే క్షారద్రవాలు తాగి గొంతు కాలిన పిల్లలను చూసి, అటువంటి సీసాలపై విషమని రాసి తీరాలంటూ ఆయన ఉద్యమించాడు. 1927లో అమెరికా ఆ మేరకు చట్టం చేసింది.

జాక్సన్ ముఖ్యంగా భయపడినది వేరుశనగ గింజకు. అది ఊపిరితిత్తిలో చేరితే దారిని మూయడమే కాక, దానిలోని నూనె వల్ల తీవ్రమైన వాపు వస్తుందని ఆయన వర్ణించాడు. వేరుశనగ పండే మన జిల్లాలో ఈ మాట ప్రతి ఇంటికీ చేరాలి. నా అనుభవంలో రెండేళ్ళ పాప దగ్గుతో వచ్చింది. నిమ్ము అనుకొని మందులిచ్చాను. తగ్గలేదు. రెండవసారి వచ్చినప్పుడు తల్లిని నిదానంగా అడిగితే, పెద్దలు చెనిక్కాయలు ఒలుస్తున్న చోట పాప ఆడుకుంటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరి అయ్యిందని, ఆ తరువాతనే దగ్గు మొదలైందని చెప్పింది. పట్టణానికి పంపితే గొట్టం వేసి గింజను తీశారు. పాప బతికింది. మొదటిసారే ఆ ప్రశ్న అడగకపోవడం నా పొరపాటు.

మరొక ప్రమాదం రంగులు. 1904లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటివైద్యుడు, పిల్లలకు సీసపు విషం ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టాడు. వరండా కటకటాలకు వేసిన రంగు పొడిగా రాలి, చేతులకు అంటి, నోటిలోకి పోతున్నది. మన దేశంలో ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి అయ్యింది. రంగు పెచ్చులూడే చౌకబొమ్మ కంటే రంగులేని కొయ్య గరిటె ఎంతో మేలు.

ఏ వయసుకు ఏ వస్తువు

మూడు నెలల లోపు: మీ ముఖమే ఆటబొమ్మ. మీ మాటలే సంగీతం. అడుగు దూరంలో రంగుల గుడ్డను మెల్లగా కదిలిస్తే బిడ్డ కళ్ళతో వెంబడిస్తుంది.

నాలుగు నుంచి ఆరు నెలలు: పట్టుకోవడానికి శుభ్రమైన చెమ్చా, చిన్న గిన్నె. నోట పెట్టుకోవడం ఈ వయసులో సహజం. కనుక ప్రతి వస్తువునూ కడిగి ఇవ్వండి.

ఆరు నుంచి పన్నెండు నెలలు: గరిటె, పళ్ళెం, మూత, జల్లెడ, గుడ్డ ఉన్న బుట్ట. చెమ్చాను గుడ్డ కింద దాచి 'ఏదీ, ఎక్కడికి పోయింది?' అని అడగండి. కనబడని వస్తువు కూడా ఉంటుందని బిడ్డ నేర్చుకుంటుంది.

ఒకటి నుంచి మూడేళ్ళు: ఒకదానిలో ఒకటి పట్టే గిన్నెలు, మూత పెట్టి తీసే డబ్బాలు, లోపల దూరగలిగిన అట్టపెట్టె. అమెరికాలోని జాతీయ ఆటవస్తువుల గౌరవశాలలో అట్టపెట్టెకు 2005లో, కర్రపుల్లకు 2008లో, ఇసుకకు 2021లో స్థానం దక్కింది. నీళ్ళు కరవైన ఇంట్లో కూరగాయలు కడిగిన నీటిని పారబోసే ముందు, మీ కళ్ళ ఎదుట కాసేపు చెంబుతో పోసుకోనివ్వండి.

మూడు నుంచి ఐదేళ్ళు: ఉల్లిగడ్డలు, వంకాయలు వేరుచేయడం, పళ్ళాలు లెక్కపెట్టడం, ఉత్తి చేటతో చెరగడం, లక్కపిడతలతో ఉత్తుత్తి వంట. చింతపిక్కల ఆటలు ఐదేళ్ళు దాటిన తరువాతనే.

ఇవ్వకూడనివి కూడా గుర్తుంచుకోండి. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. అంతకంటే కొంచెం పెద్దదైన, సుమారు 32 మిల్లీమీటర్ల రంధ్రంలో దూరే ఏ వస్తువూ మూడేళ్ళలోపు బిడ్డకు తగదు. వేరుశనగ, శనగ గింజలను ఐదేళ్ళ లోపు పొడి చేసి మాత్రమే పెట్టండి. బొత్తాం బ్యాటరీ మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. కిరసనాయిలు, పురుగుమందు నీళ్ళ సీసాలలో పోసి పెట్టవద్దు. కిరసనాయిలు తాగిన బిడ్డకు వాంతి చేయించవద్దు. నీళ్ళు నిల్వచేసే డ్రమ్ములకు, తొట్లకు మూత ఉండాలి. బక్కెట్టులోని జానెడు నీరు పసిబిడ్డ ప్రాణానికి చాలు. గొంతులో ఏదైనా అడ్డుపడితే కనబడకుండా వేలు పెట్టి కెలకవద్దు. ఏడాదిలోపు బిడ్డను ముంజేతిపై బోర్లా, తల కిందికి ఉండేటట్లు పట్టుకొని భుజాల నడుమ ఐదుసార్లు చరచండి, తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముకపై రెండు వేళ్ళతో ఐదుసార్లు నొక్కండి. అడ్డు పోయేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ 108కి ఫోన్ చేయించండి.

పక్కన కూర్చున్న మనిషి

నేడు చాలా ఇళ్ళలో గరిటె స్థానంలో ఫోను వచ్చింది. తల్లిదండ్రులు పనికోసం బెంగళూరు దారి పడితే, అలసిన అవ్వ చేతిలో బిడ్డను ఊరుకోబెట్టే సాధనం అదే. ఆమెను నేను నిందించను. ఏడాది నిండని బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కారణం సులభంగా తెలుస్తుంది. గిన్నెను కొడితే గిన్నె పలుకుతుంది, అవ్వ నవ్వుతుంది. ఫోనులోని బొమ్మ బిడ్డ ఏమి చేసినా తన పాట తాను పాడుకుంటూ పోతుంది. బిడ్డ చేష్టకు బదులు పలకడంలోనే మెదడు పెరుగుదల ఉన్నది.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం మన ఊళ్ళకు అంగన్‌వాడీని ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లల ఆటపాటల కోసం కేంద్ర ప్రభుత్వం 2024లో 'నవచేతన' అనే మార్గదర్శిని కూడా విడుదల చేసింది. అంగన్‌వాడీకి వెళ్ళినప్పుడు గుడ్డు, పాల సంగతితో పాటు ఆట సంగతి కూడా అడగండి.

ఆ అరుగు మీది అవ్వ ఇప్పుడు ఎదురైతే నేను చెప్పవలసినది ఇది. "అవ్వా, నువ్వు బొమ్మ కొనలేదని చిన్నబుచ్చుకోవద్దు. వాడు గిన్నె కొట్టి నీ ముఖంలోకి చూసినప్పుడు నువ్వు చేట ఆపి నవ్వినావే, అది చాలా పెద్ద పని." మీ ఇంట్లోనూ ఈ సాయంత్రం ఒక గిన్నె, ఒక గరిటె తీసి బిడ్డ ముందు పెట్టండి. పదిహేను నిమిషాలు ఫోను పక్కన పెట్టి దగ్గర కూర్చోండి. బిడ్డ మీ వైపు చూసినప్పుడు బదులు పలకండి.